కుమ్మరి ఇంటి రాకుమార్తె

రాజుగారి బిడ్డ పేదింట పెరగడం, ఈడొచ్చాక ఉంగరమో తాయెత్తో పుట్టుమచ్చో సాక్ష్యం పలికి అసలు పుట్టుక బయటపడడం మన కథలకు కొత్త కాదు. చిన్నప్పుడు వరండాలో పడుకుని విన్న పేదరాశి పెద్దమ్మ కథల్లో సగం ఇవే. వీటిలో మనకు తెలియకుండానే ఒక అలవాటు పడిపోయింది. పుట్టుక బయటపడిన మరుక్షణం అందరమూ రాజు వెంట కోటలోకి వెళ్లిపోతాం. అంతవరకూ ఆ బిడ్డను సాకినవాళ్ల గుడిసె వైపు మళ్లీ తిరిగి చూడం.

మా సోలాపూర్ ఇంట్లో పోయిన దీపావళి సెలవుల్లో ఒక మూకీ చిత్రం చూశాం. పేరు ‘షిరాజ్’. 1928లో వచ్చింది. మా అబ్బాయి దాని డిస్కు తెప్పించాడు. చూసినవాళ్లం ముగ్గురం. నేను, ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి చదివే నా మనవరాలు, ఎనభై దాటిన మా మేనత్త. మేనత్త అన్నానే గాని ఆమె మా నాయన తోడబుట్టింది కాదు. ఆ సంగతి తరువాత చెబుతాను, ముందు సినిమా.

హిమాంశు రాయ్ అనే బెంగాలీ యువకుడు, జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ కలిసి మన దేశపు కథలతో మూడు మూకీలు తీశారు. బుద్ధుని కథతో 1925లో ‘ప్రేమ సన్యాస్’, తాజ్‌మహల్ మీద ‘షిరాజ్’, జూదం మీద 1929లో ‘ప్రపంచ పాశ్’. మధ్యదానికి మూలం నిరంజన్ పాల్ రాసిన నాటకం. ఈ నిరంజన్ పాల్, స్వాతంత్ర్యోద్యమంలో లాల్, బాల్, పాల్ అని చెప్పుకునే ముగ్గురిలో బిపిన్ చంద్ర పాల్ గారి కుమారుడు. నటులందరూ ఇక్కడివారే. పెట్టుబడిలో బ్రిటిష్, జర్మన్ కంపెనీల చేయి ఉంది. అట్టముక్కలతో కోటలు కట్టకుండా అసలు కోటల్లోనే, అసలు ఎండలోనే తీశారు. దాదాపు వందేళ్ల కిందటి ఆ ఎండ ఇప్పటికీ తెర మీద చురుక్కుమంటుంది.

కథ ఇది. ఎడారిలో ఒక బిడారు పోతూ ఉంటుంది. దొంగలు పడి అందరినీ చంపేస్తారు. ఒక్క పసిపిల్ల మిగులుతుంది, మెడలో తాయెత్తుతో. హసన్ అనే కుమ్మరి ఆ పిల్లను ఎత్తుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. సెలీమా అని పేరు పెట్టి, తన కొడుకు షిరాజ్‌తో పాటు పెంచుతాడు. పిల్లలు పెద్దవుతారు. షిరాజ్‌కు ఆమె మీద మనసు. ఒకనాడు బానిసల వర్తకులు సెలీమాను ఎత్తుకుపోయి సంతలో అమ్మేస్తారు. కొన్నది యువరాజు ఖుర్రం తరఫువాళ్లు. అంటే రేపటి షాజహాన్. షిరాజ్ ఆమెను వెతుక్కుంటూ ఆగ్రా చేరతాడు. యువరాజుకు సెలీమా మీద ప్రేమ కలుగుతుంది. ఆ స్థానం కోసం కాచుకున్న సేనాపతి కూతురు దాలియా అసూయతో కుట్ర పన్ని, అంతఃపురంలో షిరాజ్, సెలీమా కలిసి పట్టుబడేలా చేస్తుంది. షిరాజ్‌ను ఏనుగు చేత తొక్కించమని తీర్పు. అంతలో తాయెత్తు వల్ల సెలీమా రాచబిడ్డ అని తేలుతుంది. షిరాజ్ బతుకుతాడు. సెలీమా ముంతాజ్ మహల్ అవుతుంది. ఆమెను దూరం నుంచి తలచుకుంటూ షిరాజ్ ముసలివాడై, గుడ్డివాడై పోతాడు. పద్ధెనిమిదేళ్లకు రాణి చనిపోతే, ఆమె సమాధికి అతను చేసిన నమూనానే చక్రవర్తి ఎన్నుకుంటాడు. అదే తాజ్‌మహల్ అని ముక్తాయింపు.

షిరాజ్‌గా హిమాంశు రాయే నటించాడు. ఖుర్రంగా చారు రాయ్. సెలీమాగా వేసినావిడ పేరు ఎనాక్షి రామారావు అని తెర మీద పడగానే మా ఇంట్లో ఒక చిన్న సంబరం. “మనోళ్ల పిల్లే” అని మేనత్త తేల్చేసింది. రామారావులు కన్నడ దేశంలో కూడా కావలసినంతమంది ఉన్నారని చెప్పి చూశాను, వినలేదు. బయటి రాష్ట్రంలో ఉండేవాళ్లకు ఇదొక జబ్బు. రైలు పెట్టె మీద రిజర్వేషన్ కాగితం అంటించే రోజుల్లో కూడా మనం అందులో మన ఇంటిపేర్లే వెతుక్కునేవాళ్లం.

కుట్రదారు దాలియాగా వేసినావిడ సీతాదేవి. ఆమె అసలు పేరు రెనీ స్మిత్, ఆంగ్లో ఇండియన్ యువతి. కులస్త్రీలు సినిమాలో కనిపించడం తప్పుగా ఎంచిన ఆ రోజుల్లో తెర మీదికి ధైర్యంగా వచ్చినవాళ్లలో ఆంగ్లో ఇండియన్, యూదు కుటుంబాల అమ్మాయిలు చాలామంది. వాళ్లకు దేవతల పేర్లు, పురాణాల పేర్లు పెట్టేవారు. సులోచన అని దేశమంతా పేరు మోగిన తార అసలు పేరు రూబీ మేయర్స్. మాట వినపడని సినిమా గనుక ఎవరి యాస ఏదో తెలిసేది కాదు. చీర కట్టి, బొట్టు పెట్టి, తలవంచితే చాలు. కథలో ఒక పిల్ల పుట్టుక దాగి ఉంటే, కథ బయట నటీమణుల పుట్టుక దాగి ఉంది. మొదటి పిల్లకు తాయెత్తు ఉపకారం చేసింది. రెండోవాళ్ల పాలిట 1931లో వచ్చిన టాకీ పరీక్ష అయింది. హిందుస్తానీ నాలుక తిరగక వెనకబడినవాళ్లు వారిలో చాలామంది. నాలుకను బట్టి మనిషిని పసిగట్టడం మనకు బాగా తెలిసిన వ్యవహారమే. ఇక్కడి బజారులో మరాఠీ మాట్లాడితే ‘మీరు తెలుగువాళ్లు కదా’ అంటారు. కరీంనగర్ పెళ్లికి వెళ్లి తెలుగు మాట్లాడితే ‘మీరు సోలాపూరోళ్లు కదా’ అంటారు.

మళ్లీ కథకు వస్తాను. ఇది చరిత్ర కాదు. ముంతాజ్ మహల్ ఎన్నడూ తప్పిపోలేదు, ఎవరింటా దాగి పెరగలేదు. ఆమె పేరు అర్జుమంద్ బాను. తండ్రి ఆసఫ్ ఖాన్ మొగలు దర్బారులో పెద్ద అధికారి. మేనత్త సాక్షాత్తూ నూర్జహాన్. 1607లో నిశ్చితార్థం, 1612లో పెళ్లి. అప్పటికే ఖుర్రంకు వేరే భార్య ఉంది కూడా. 1631లో పద్నాలుగో కాన్పులో, దక్కను దండయాత్రలో ఉన్న భర్త దగ్గర, తపతీ తీరాన బుర్హాన్‌పూర్‌లో ఆమె కన్నుమూసింది. పవర్‌లూముల ఊరుగా మా సోలాపూర్ నేతగాళ్లకు తెలిసిన బుర్హాన్‌పూరే అది. ముందు అక్కడే పాతిపెట్టి, కొన్ని నెలల తరువాత ఆగ్రాకు తరలించారు. తాజ్‌మహల్ ముఖ్య శిల్పిగా చరిత్రకారులు చెప్పేది ఉస్తాద్ అహ్మద్ లాహోరీని. షిరాజ్ అనే గుడ్డి ప్రేమికుడు నాటకకర్త ఊహ.

అయితే ఆ బిడారు, ఆ దొంగలు, దారిలో దొరికిన పసిపిల్ల, ఇవి గాలిలోంచి వచ్చినవి కావనిపిస్తుంది నాకు. మేనత్త నూర్జహాన్ జననగాథ అచ్చం ఇలాగే ఉంటుంది. 1577లో ఆమె తల్లిదండ్రులు ఇరాన్ నుంచి బతుకుతెరువు కోసం హిందూస్థానం వస్తుండగా దారిలో దోపిడీ జరిగింది. కాందహార్ దగ్గర ఆడపిల్ల పుట్టింది. చేతిలో ఏమీ లేక పసికందును దారిపక్కన వదిలేశారనీ, బిడారు నాయకుడు చేరదీసి మళ్లీ తల్లి ఒడికే చేర్చాడనీ తరువాతివాళ్లు కథ అల్లారు. మేనత్త కథ తీసి మేనకోడలికి తొడిగినట్టున్నారు నిరంజన్ పాల్ గారు. ఒక తేడా మాత్రం ఉంది. ఆ కథలో పిల్ల పుట్టింటివాళ్లు వలస వచ్చిన బీదవాళ్లు, కూతురు తన తెలివితో సామ్రాజ్ఞి అయింది. సినిమాలో పిల్ల పుట్టుకతోనే రాచబిడ్డ, తాయెత్తు చూపిస్తే చాలు. నాకు మొదటి కథే గొప్పగా కనిపిస్తుంది. కాని సినిమాకు రెండోదే పనికొస్తుంది కాబోలు.

చిత్రంలో మాటల కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి. మేనత్తకు చదవడం రాదు. మనవరాలు పక్కన కూర్చుని ఒక్కొక్క కార్డే తెలుగులో చెప్పుకుంటూ పోయింది. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడట, ఆ ఉద్యోగం దానికి పడింది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడేటప్పుడు సగం మరాఠీ దొర్లుతుంది. ఒకచోట ఆగిపోయి, “అవ్వా, మెడలో కట్టుకుంటారు చూడు, తావీజ్, దాన్ని ఏమంటారు?” అంది. “తాయెత్తు” అంది మేనత్త బీడీల చాట ఒళ్లో సర్దుకుంటూ. ఆ వయసులోనూ చేతులు ఊరుకోవు, తునికాకు కత్తిరిస్తూనే ఉంటుంది. ఆ మాట దానికి నచ్చింది. తరువాత అవసరం లేనిచోట కూడా రెండు మూడు సార్లు వాడింది.

ఏనుగు ఘట్టం దగ్గర మేనత్త చేతులు ఆగాయి. కుట్ర తేలి, పెళ్లి కుదిరాక ఆమె రెండు ప్రశ్నలు అడిగింది.

“తాయెత్తు దొరక్కపోతే గా పిలగాణ్ణి ఏన్గు తొక్కేదేనా?”

మేమిద్దరం ఏమీ అనలేదు.

“గా కుమ్మరాయన్ను పెండ్లికి పిలిచిండ్రా?”

మనవరాలు నా ముఖం చూసింది. ఆగ్రా చేరాక ఈ కథ కుమ్మరి ఇంటి వైపు చూడదు. పుట్టుకకు పట్టం కట్టే కథలన్నిటికీ ఇదే తొందర.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. 1948లో, హైదరాబాదు రాజ్యం అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో, ఎందరో మా ప్రాంతంవాళ్లు సరిహద్దు దాటి సోలాపూర్ చేరారు. మా తాత అప్పటికే ఇక్కడ మిల్లులో పనిచేస్తున్నాడు. అలా వచ్చిన ఒక నేతగాడు తాతతో పాటు మిల్లులో చేరాడు. భార్య పోయింది, చేతిలో నాలుగేళ్ల కూతురు. పిల్లను మా నాయనమ్మ దగ్గర ఉంచి, భివండీలో కూలి ఎక్కువట, దసరాకు వస్తానని చెప్పి వెళ్లాడు. ఏ దసరాకూ రాలేదు. ఆ పిల్లే మా మేనత్త. నాయన చెల్లెలుగా పెరిగింది. మా ఇంట్లో ఎవరూ ఆమెను పెంపుడు పిల్ల అన్న మాట నేను వినలేదు.

1963లో సంబంధం కుదిరింది. పద్మశాలీల్లో గోత్రం చూడనిదే పెళ్లి మాట లేదు. సగోత్రం పనికిరాదు గనుక పిల్ల పుట్టింటి గోత్రం కచ్చితంగా తెలియాలన్నారు మగపెళ్లివారు. వాళ్లు అడిగింది అన్యాయమూ కాదు. కులపెద్దల ద్వారా వాకబు చేయిస్తే కరీంనగర్ వైపు ఒక పల్లెలో ఆమె తండ్రి తమ్ముడు ఉన్నట్టు తెలిసింది. కబురు పంపితే వచ్చాడు. ఇంటిపేరు చెప్పాడు, గోత్రం చెప్పాడు. అంతే కాదు, పిల్ల మా వంశం గనుక కన్యాదానం నేనే చెయ్యాలి, లగ్నపత్రిక నా పేరున పడాలి అన్నాడు. పదిహేనేళ్లు ఆ పిల్ల బతికుందో లేదో అడగని మనిషి. తాత ఒక్క మాట అనలేదు. గోత్రం తప్పు చెప్పి పెళ్లి చేస్తే రేపు పిల్ల కాపురానికే మాట వస్తుందని ఆయన భయం. పత్రిక ఆ ఇంటిపేరుతోనే, ఆ పినతండ్రి పేరుతోనే అచ్చయింది. ఖర్చు మాత్రం తాతదే.

నాకు అప్పుడు పదేళ్లు. పందిట్లో ఎక్కడ ఏ మిఠాయి ఉందో తప్ప ఏమీ పట్టలేదు. పీటల మీద కూర్చుని ఆ కొత్త మనిషి కాళ్లు కడుగుతుంటే తాత పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడని మేనత్త చెబితేనే తెలిసింది. అదీ ఇన్నేళ్లకు, ఈ సినిమా చూసిన రాత్రి.

“కార్డు మీద మా బాపు పేరు లేదు బిడ్డా. అడుక్కు గూడ లేదు” అంది.

ఎవరి మీదా కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. నేను ఏవో సమాధానాలు వెతికాను. ఆ రోజుల్లో అంతే, శాస్త్రం అంతే అని. తరువాత ఆలోచిస్తే మన శాస్త్రం, మన కావ్యం అంత కఠినంగా ఉన్నట్టు తోచలేదు. సీత నాగేటిచాలులో దొరికిన పిల్ల, అయినా పెంచినవాడి పేరుతో జానకి అయింది, కన్యాదానమూ ఆయనే చేశాడు. ‘శాకుంతలం’లో కూడా ఉంగరం ఉంది, దాగిన పెళ్లి ఉంది, గుర్తుపట్టని రాజు ఉన్నాడు. కాని కాళిదాసు ఆ హడావిడిలోకి పోకముందే పెంచిన తండ్రి కణ్వుడి కోసం ఒక అంకమంతా ఆగాడు. అన్ని బంధాలూ విడిచిన ముని, పెంచిన పిల్లను అత్తవారింటికి పంపుతూ గొంతు పూడుకుపోయి నిలబడతాడు. ఆ నాలుగో అంకమే నాటకానికి ప్రాణమని పండితులు ఇప్పటికీ చెబుతారు. ఇక కర్ణుడి సంగతి చెప్పనక్కరలేదు. నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే అని కృష్ణుడంతటివాడు వచ్చి చెప్పినా, రాధ కొడుకుగానే ఉంటానన్నాడు. అంటే తాయెత్తు చూపించినా తీసుకోనివాడన్నమాట. ఇవన్నీ మేనత్తతో అన్నాను. “అవి పురాణాలు” అంది.

ఈ చిత్రం మనదాకా ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. మన మూకీ సినిమాల్లో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రఘుపతి వెంకయ్య గారు, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో తీసిన 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఈనాడు చూద్దామన్నా లేదు. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుది. ఎండకు పాడవుతుంది, నిప్పు చూస్తే భగ్గుమంటుంది. 2003లో పూణేలో జరిగిన అగ్నిప్రమాదంలో, ఎన్నో ఏళ్లు జాగ్రత్త చేసిన పాత రీళ్లు కూడా చాలా కాలిపోయాయి. పుట్టింట ఉన్న బిడ్డలకు పట్టిన గతి అది. ‘షిరాజ్’ నిర్మాణంలో బ్రిటిష్ కంపెనీ భాగం ఉండడం వల్ల దాని నెగెటివ్ ఇంగ్లండులో ఉండిపోయింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు దాన్ని దాచి, మరమ్మతు చేసి, 2017లో అనౌష్కా శంకర్ చేత కొత్తగా సంగీతం చేయించి లండనులో ప్రదర్శించారు. ఆ నవంబరులోనే మన దేశానికి తెచ్చి హైదరాబాదు, కలకత్తా, ఢిల్లీ, బొంబాయిల్లో తెర ముందు వాద్యబృందం కూర్చుని వాయిస్తుండగా చూపించారు. పరాయి ఇంట పెరిగి, సలక్షణంగా పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చిన సినిమా అది. మన పెట్టుబడి, మన ఇల్లు అయితే ఈపాటికి వెండి కోసం కరిగించి ఉండేవాళ్లమేమో.

హిమాంశు రాయ్ ఆ తరువాత 1934లో బాంబే టాకీస్ స్థాపించాడు. ఆయన భార్యగా, ఆ సంస్థకు తారగా వెలిగిన దేవికారాణి పుట్టింది విశాఖపట్నంలో, 1908లో. బెంగాలీ కుటుంబం, తెలుగు నేల. ఈ ముక్క చెప్పగానే మేనత్త ముఖం మళ్లీ విప్పారింది. “చూసినవా, మనోళ్లే” అంది. ఈసారి నేను వాదించలేదు.

మనవరాలు మర్నాడు తాత పేరు అడిగింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో. బడి నోటుపుస్తకంలో వెనక పేజీలో తెలుగులో రాసుకుంది. రెండు వత్తులు తప్పు పడ్డాయి, దిద్దాను. మేనత్త పేరు పక్కన ఏ ఇంటిపేరు రాయాలని అడిగితే ఆమెనే అడగమన్నాను. అత్తింటిది ఒకటి, పుట్టినింటిది ఒకటి, పెరిగినింటిది ఒకటి, మూడున్నాయి. మేనత్త తునికాకు తడిపి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, “మా బాపుది రాయి” అంది.

వారం తిరక్కుండా అది ‘ప్రపంచ పాశ్’ కూడా ఎక్కడో సంపాదించింది. ఈసారి చూద్దామా అవ్వా అంటే మేనత్త, “దాంట్ల గూడ ఏన్గు ఉన్నదా?” అని అడిగింది. ఒకటి కాదు చాలా ఉన్నాయని చెప్పాం. “అయితే తొక్కే కాడ జెర ముందుగాల్నే చెప్పు, లోపలికి పోత” అని చాట తెచ్చుకుని కూర్చుంది.